రైతు ప్రశ్న – జవాబు: పడాల్సిన డబ్బు ఎక్కడ ఆగింది?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా పీఎం కిసాన్, అన్నదాత సుఖీభవ డబ్బు గురించి ఒకే మాట: “పక్కోళ్లకి పడ్డాయి, మాకు పడలేదు.” భీమిలి, పద్మనాభం, ఆనందపురం, పెందుర్తి మండలాల వాళ్లతో పాటు పాడేరు వైపు రైతులూ రాశారు. 2022 ఏప్రిల్ దాకా వాళ్లదీ విశాఖ జిల్లాయే.

ముందు లెక్క చెప్పుకుందాం. పీఎం కిసాన్ కింద కేంద్రం ఏడాదికి 6,000 రూపాయలు ఇస్తుంది, 2,000 చొప్పున మూడుసార్లు. అన్నదాత సుఖీభవ కింద రాష్ట్రం ఇచ్చేది 14,000. అది 5,000, 5,000, 4,000గా వస్తుంది. రెండూ కలిస్తే 20,000. 2025 ఆగస్టు 2న తొలి విడతగా పడిన 7,000లో 5,000 రాష్ట్రానివి, 2,000 కేంద్రానివి. పంపే చేతులు రెండు, జాబితాలూ రెండు. ఒకటి పడి రెండోది పడకపోతే తప్పు ఆ రెండో జాబితాలో వెతకాలి. రెండూ ఆగిపోతే మాత్రం ముందు బ్యాంకు వైపు చూడాలి.

ప్రశ్న: ఆగస్టులో ఏడు వేలూ పడ్డాయి. నవంబరులో ఒక్క రూపాయీ రాలేదు. బ్యాంకులో అడిగితే ఆధార్ లింకయ్యే ఉందంటున్నారు. రైతు సేవా కేంద్రంలో అడిగితే తేడా బ్యాంకు దగ్గరే అంటున్నారు. ఎవరి మాట నమ్మాలి?
– మహిళా రైతు, పద్మనాభం మండలం

అమ్మా, ఇద్దరూ నిజమే చెబుతూ ఉండొచ్చు. బ్యాంకులో ఆధార్ పని రెండు రకాలు. ఒకటి మీ ఖాతాకు గుర్తింపు పత్రంగా ఆధార్ నంబరు ఎక్కించడం. ఇది ఎన్ని బ్యాంకుల్లోనైనా చేయించుకోవచ్చు. రెండోది ఎన్‌పీసీఐ (బ్యాంకుల మధ్య చెల్లింపులు నడిపే సంస్థ) పట్టికలో “ఈ ఆధార్‌కి వచ్చే ప్రభుత్వ డబ్బు ఈ బ్యాంకుకే పంపండి” అని నమోదు చేయించడం. దీన్నే సీడింగ్ అంటున్నారు. ఆ పట్టికలో ఒక ఆధార్‌కి ఒక బ్యాంకే ఉంటుంది, చివరగా ఎవరు నమోదు చేస్తే వాళ్లదే చెల్లుతుంది. కౌంటర్ దగ్గర ఉన్న ఉద్యోగి మొదటిది చూసి “లింకయ్యింది” అంటారు. డబ్బు నడిచేది రెండోదాని మీద.

ఆగస్టుకీ నవంబరుకీ మధ్య ఇంకో బ్యాంకులో ఖాతా తెరిచారా? డ్వాక్రా అప్పు కోసమో, ఉపాధి హామీ కూలి కోసమో, గ్యాస్ రాయితీ కోసమో కొత్త ఖాతా తీసుకున్నప్పుడు ఫారంలో “ప్రభుత్వ రాయితీలు ఈ ఖాతాకే” అన్న గడిలో టిక్కు పెట్టేస్తారు. సిమ్ కార్డు కొన్న చోట వేలిముద్ర వేయించుకుని, ఫోన్ నంబరు మీదే ఖాతా తెరిచేసిన సందర్భాలూ ఉన్నాయి. అలా జరిగి ఉంటే మీ డబ్బు ఆగలేదు, వేరే ఖాతాలో పడి ఉంది. అందుకే పాత ఖాతాకి మార్పించడానికి పరుగెత్తే ముందు ఆ రెండో ఖాతాలో నిల్వ ఎంతుందో చూసుకోండి.

ఆధార్‌కి ఇచ్చిన ఫోన్ నుంచి *99*99*1# కొట్టి ఆధార్ సంఖ్య ఇస్తే, సీడింగ్ ఏ బ్యాంకులో ఉందో చెబుతుంది. ఆధార్ వెబ్‌సైట్‌లో లాగిన్ అయి “బ్యాంక్ సీడింగ్ స్టేటస్” నొక్కినా బ్యాంకు పేరు, చివరగా మార్చిన తేదీ వస్తాయి. ఆ తేదీ చాలా ముఖ్యం. అది సెప్టెంబరుదో అక్టోబరుదో అయితే కారణం దొరికినట్టే.

పాత బ్యాంకులోనే పడాలనుకుంటే ఆ శాఖకి వెళ్లి ఆధార్ సీడింగ్ సమ్మతి పత్రం అడిగి నింపండి. అందులో “ఇప్పటిదాకా ఏ బ్యాంకులో ఉంది” అన్న గడి ఉంటుంది. చాలామంది దాన్ని ఖాళీగా వదిలేస్తారు, వదలొద్దు. కాగితం ఇచ్చినట్టు ముద్ర వేయించుకోండి. కొద్ది రోజులాగి మళ్లీ అదే నంబరు కొట్టి, బ్యాంకు పేరు మారిందో లేదో మీరే చూసుకోండి.

సీడింగ్ సరిగ్గానే ఉండి డబ్బు పడలేదంటే ఖాతా నిద్రపోయి ఉండొచ్చు. రెండేళ్లకు మించి మీ వైపు నుంచి వేయడం తీయడం లేకపోతే బ్యాంకు దాన్ని పక్కన పెడుతుంది. ఆధార్, ఫోటో పట్టుకెళ్లి కేవైసీ (గుర్తింపు వివరాలు) కొత్తగా ఇస్తే తెరుస్తారు. దానికి రుసుము వసూలు చేయకూడదని రిజర్వ్ బ్యాంకు నిబంధన.

ఇవన్నీ సవ్యంగానే ఉంటే పీఎం కిసాన్ వెబ్‌సైట్‌లో “నో యువర్ స్టేటస్” తెరవండి. రిజిస్ట్రేషన్ సంఖ్య తెలియకపోతే ఆ పేజీలోనే ఆధార్‌తో తెలుసుకోవచ్చు. పేరూ ఊరూ చదివి ఊరుకోకుండా కిందికి రండి. ల్యాండ్ సీడింగ్ (మీ పేరుకి భూమి రికార్డు జతవడం), ఈ-కేవైసీ (ఆధార్‌తో మీరు మీరేనని రుజువు చేయడం), ఆధార్ బ్యాంక్ సీడింగ్ అని మూడు వరుసలుంటాయి. ఎదురుగా “ఎస్” అనో “నో” అనో ఉంటుంది. నో ఉన్న వరుసే మీరు ఎక్కడికి వెళ్లాలో చెబుతుంది. ల్యాండ్ సీడింగ్ నో అయితే రైతు సేవా కేంద్రానికీ, రెవెన్యూకీ. ఈ-కేవైసీ అయితే కామన్ సర్వీస్ సెంటర్‌కి, లేదా మీ ఫోన్‌లోనే. మూడోది అయితే బ్యాంకుకి. ఆ పేజీని ప్రింటు తీసి పట్టుకెళ్లండి. “డబ్బులు పడలేదు బాబూ” అని నోటితో అడిగితే వచ్చే జవాబు వేరు, నో అన్న వరుస చూపించి అడిగితే వచ్చే జవాబు వేరు.

అన్నదాత సుఖీభవకి వేరే వెబ్‌సైట్ ఉంది, అక్కడ ఆధార్ ఇస్తే చాలు. రాష్ట్ర ప్రభుత్వ సేవల మన మిత్ర వాట్సాప్ నంబరు 9552300009లోనూ చూసుకోవచ్చు. ఫిర్యాదుకి రాష్ట్ర పథకానికైతే 155251, పీఎం కిసాన్‌కైతే 155261. ఈ రెండిటికీ తేడా ఒక్క అంకె, రాసి పెట్టుకోండి.

ఆగిన విడత పోయినట్టే అని చాలామంది వదిలేస్తున్నారు. అనర్హత వల్ల కాకుండా వేరే కారణంతో పీఎం కిసాన్ డబ్బు ఆగితే, ఆ కారణం తొలగాక బకాయి పొందే హక్కు రైతుకుందని మార్గదర్శకాల్లోనే ఉంది. దాన్ని వదులుకోవద్దు.

ప్రశ్న: ఈ-కేవైసీకి మూడుసార్లు వెళ్లాను. వేలిముద్ర పడటం లేదు. జీడిపిక్కలు కొట్టే పని చేస్తాను.
– భీమిలి మండలం

జీడిపిక్క రసం వేళ్ల చర్మాన్ని కాల్చి పొరలు పొరలుగా లేపేస్తుంది. వేలి మీద గీతలు అరిగిపోతాయి, మిషన్ చదవలేదు. అది మీ తప్పు కాదు, ఆ మాటతో వెనక్కి పంపాల్సిన పనీ లేదు. వేలు లేకుండానే ఈ-కేవైసీకి రెండు దారులున్నాయి. ఆధార్‌కి ఫోన్ నంబరు ఉంటే వెబ్‌సైట్‌లో ఓటీపీతో అయిపోతుంది. లేకపోతే పీఎం కిసాన్ యాప్‌లో ముఖం చూపించి చేయొచ్చు. దానితో పాటు ఆధార్ ఫేస్ ఆర్‌డీ అనే యాప్ కూడా ఫోన్‌లో ఉండాలి, ఇది తెలియకే చాలామందికి కెమెరా తెరుచుకోదు. వెలుతురు ముఖం మీద పడేలా నిలబడి, చెప్పినప్పుడు కళ్లు ఆర్పాలి. ఈ యాప్ ఉన్న రైతు తన ఫోన్‌తోనే ఊళ్లో ఇంకో వంద మందికి చేసిపెట్టవచ్చు. ఇంటిపక్క కుర్రాణ్ని అడగండి.

పది రోజులు పిక్కల పని మానితే ముద్ర మళ్లీ పడొచ్చు గానీ, కూలి పోగొట్టుకుని ఆగాల్సిన అవసరం లేదు.

ప్రశ్న: నాన్న 2023లో పోయారు. రెండెకరాల ముప్పై సెంట్లు ఆయన పేరునే ఉంది. మేం ఇద్దరు అన్నదమ్ములం, అమ్మ ఉంది. సాగు నేనే చేస్తున్నాను. అడంగల్‌లో నా పేరు వస్తోంది కదా, డబ్బు ఎందుకు రాదు?
– పెందుర్తి మండలం

అడంగల్ సాగు సంగతి చెబుతుంది, అంటే ఏ ఏడాది ఎవరు ఏ పంట వేశారో. హక్కు సంగతి చెప్పేది 1బీ. పథకం చూసేది 1బీని, అందులో పేరు పక్కన ఎక్కిన ఆధార్‌ని. మీ 1బీలో ఇంకా మీ నాన్నగారి పేరే ఉంది కనుక వ్యవస్థ దృష్టిలో రైతు ఆయనే.

ముందు వారసత్వ మార్పిడి జరగాలి. మరణ ధ్రువీకరణ పత్రం, కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రం, పాత పాస్‌బుక్ లేదా 1బీ నకలు, అందరి ఆధార్‌లతో గ్రామ సచివాలయంలో గానీ మీసేవలో గానీ దరఖాస్తు పెట్టండి. భూమి ఒకరి పేరుకే రావాలంటే మిగిలినవాళ్ల ఒప్పుదల రాతపూర్వకంగా కావాలి. ఆగేది ఎక్కువగా ఇక్కడే. అన్నదమ్ముల మధ్య నోటి మాట మీద పంపకం జరిగిపోయి ఉంటుంది, కాగితం మీద ఏమీ ఉండదు. పంపకాన్ని రిజిస్టర్ చేయించుకుని ఎవరి వాటా వాళ్ల ఖాతాగా వేరుచేసుకుంటే ముందు ముందు పంట రుణానికీ పనికొస్తుంది. ఒకే భూమిలో ఇద్దరి పేర్లున్నా వాళ్లు వేర్వేరు కుటుంబాలైతే, ఇద్దరికీ విడివిడిగా 6,000 రావాలనే పీఎం కిసాన్ నిబంధన చెబుతోంది. పీఎం కిసాన్‌లో కుటుంబం అంటే భార్య, భర్త, మైనర్ పిల్లలు, అంతే.

పీఎం కిసాన్‌లో ఇంకో మెలిక ఉంది. 2019 ఫిబ్రవరి 1 నాటికి పేరు రికార్డులో ఉన్నవాళ్లకే అది వర్తిస్తుంది. ఆ తర్వాత కొనుక్కున్నవాళ్లకి రాదు. యజమాని చనిపోయి వారసులకు వచ్చిన భూమికి మాత్రం మినహాయింపు ఉంది. మీది ఆ కోవలోదే. కొత్తగా నమోదు చేసేటప్పుడు “వారసత్వం” అన్నదే ఎంచుకోవాలి. తొందరలో “కొనుగోలు” అని నొక్కేస్తే దరఖాస్తు తిరిగొస్తుంది.

కొత్త ఖాతా నంబరు వచ్చాక దానికి మీ ఆధార్ జతైందో లేదో గ్రామ రెవెన్యూ అధికారి దగ్గర చూసుకుని, ఆ తర్వాతే రైతు సేవా కేంద్రానికి వెళ్లండి. రీసర్వే అయిన ఊరైతే పాత సర్వే నంబరు పనిచేయదు, రీసర్వేలో ఇచ్చిన కొత్త నంబరు, అంటే ఎల్‌పీ నంబరు చెప్పాలి. ఒక్కోచోట అన్నదమ్ముల చెక్కలన్నీ ఒకే ఎల్‌పీ నంబరు కింద కలిసిపోయాయి. అలా ఉంటే విభజనకు కూడా దరఖాస్తు పెట్టాలి.

మీ నాన్నగారి ఖాతాలో ఇంకా డబ్బు పడుతుంటే ఏటీఎం కార్డుతో తీయొద్దు. మరణం సంగతి రైతు సేవా కేంద్రంలో రాయించండి. తీసుకున్నది తర్వాత కక్కించుకుంటారు, అప్పుడు మీ పేరు మీద వచ్చేదీ చిక్కుల్లో పడుతుంది.

ప్రశ్న: మా ఆయన స్టీల్ ప్లాంటులో పర్మినెంట్ ఉద్యోగం చేసి రిటైరయ్యారు. పొలం నా పేరున ఉంది. మా అబ్బాయి ఐటీ కంపెనీలో పన్ను కడుతున్నాడు. అబ్బాయి వల్లే నా పేరు తీసేశారంటున్నారు, నిజమేనా?
– పెందుర్తి మండలం

అబ్బాయి వల్ల కాకూడదు. పెద్దవాడైన కొడుకు ఈ లెక్కలో మీ కుటుంబం కిందికి రాడు. కారణం మీ వారి ఉద్యోగమే. కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలతో పాటు ప్రభుత్వ రంగ సంస్థల్లో పనిచేస్తున్న, చేసి రిటైరైన ఉద్యోగులున్న కుటుంబాలు పీఎం కిసాన్‌కి అనర్హం. నాలుగో తరగతి, గ్రూప్ డి వాళ్లకే మినహాయింపు. పొలం భార్య పేరున ఉన్నా ఇదే వర్తిస్తుంది, ఎందుకంటే చూసేది కుటుంబాన్ని. మీ వారు నాలుగో తరగతిలో రిటైరై ఉంటే ఆ కాగితాలు పెట్టి అడగండి. కాకపోతే ఇప్పటిదాకా తీసుకున్నది పీఎం కిసాన్ వెబ్‌సైట్‌లో రీఫండ్ కింద తిరిగి కట్టేయడం మంచిది.

ఇదే అనుమానంతో రాసిన మరికొందరికి: సామాజిక పింఛను 4,000 తీసుకునేవాళ్లకి అది అడ్డు కాదు, పింఛను పరిమితి నెలకు 10,000. ఆదాయపు పన్ను రిటర్న్ వేయడం వేరు, పన్ను కట్టడం వేరు. అప్పు కోసమో వీసా కోసమో సున్నా పన్నుతో రిటర్న్ వేసి జాబితాలో ఆగిపోయినవాళ్లు, ఆ ఏడాది పన్ను లేదని చూపే రిటర్న్ నకలుతో ఫిర్యాదు పెట్టండి. నిబంధనలో ఉన్నది “పన్ను కట్టినవారు” అనే. భార్యాభర్తలిద్దరి పేర్నా వేర్వేరు పాస్‌బుక్కులుండి ఇద్దరికీ 2,000 చొప్పున పడుతున్న ఇళ్లలో మాత్రం 2025లో విడతలు ఆపారు. క్షేత్ర తనిఖీ అయి, ఎవరో ఒకరి పేరు ఉంచాకే మళ్లీ వస్తాయి.

ప్రశ్న: ఎకరన్నర కౌలుకి తీసుకుని చామంతి వేస్తున్నాను. పొలం యజమాని సిటీలో ఉంటారు. కౌలు కార్డుకి సంతకం పెట్టనంటున్నారు.
– ఆనందపురం మండలం

పీఎం కిసాన్ కౌలుదారుకు రాదు, అది భూమి ఉన్నవాళ్లకే. భూమి లేని కౌలు రైతుకు 20,000 మొత్తం రాష్ట్రమే ఇవ్వాలన్నది అన్నదాత సుఖీభవ విధానం. దానికి రెండు ఆధారాలు కావాలి: పంట సాగుదారు హక్కు పత్రం (మీరంటున్న కౌలు కార్డు ఇదే), మీ పేరున ఈ-పంట నమోదు, అంటే ఏ పొలంలో ఎవరు ఏ పంట వేశారో ప్రభుత్వం ఆన్‌లైన్‌లో ఎక్కించడం.

మీ యజమాని భయం భూమి పోతుందేమోనని. 2019లో వచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టం ప్రకారం ఆ కార్డు గడువు 11 నెలలు. దానితో పంట రుణం, బీమా, నష్టపరిహారం అడగొచ్చు గానీ భూమి మీద ఏ హక్కూ రాదు. మీ రైతు సేవా కేంద్రంలో ఒప్పంద పత్రం ఖాళీ కాపీ తీసుకుని ఆయనకు చదివి వినిపించండి. గడువు, భూమి హక్కు గురించిన వాక్యాలు వేలితో చూపించండి. ఆయనకు వచ్చే పీఎం కిసాన్ 6,000కి దీనితో సంబంధం లేదని కూడా చెప్పండి. గ్రామ రెవెన్యూ అధికారిని పక్కన పెట్టుకుని మాట్లాడితే ఒప్పుకునే అవకాశం ఎక్కువ.

ఆ భూమి ఇప్పటికే లేఅవుట్‌గా మారి, వ్యవసాయేతర భూమిగా రికార్డులోకి ఎక్కి ఉంటే మీరు పూలు పండిస్తున్నా పథకం వర్తించదు. ఆనందపురం, భీమిలి రోడ్డు పక్క పొలాల్లో ఇది చాలా ఉంది. కౌలు మాట్లాడుకునే ముందే 1బీ తీసి చూసుకోండి.

ఈ-పంట విషయంలో పూలతోటలకు వ్యవసాయ సహాయకులు కాదు, ఉద్యాన సహాయకులు రావాలి. పంట పొలంలో ఉన్నప్పుడే నమోదు కావాలి, కోత అయ్యాక చూపించడానికి ఏమీ ఉండదు. నమోదయ్యాక ఫోన్‌కి వచ్చే సందేశంలో పంట పేరు, విస్తీర్ణం చదవండి. చామంతికి బదులు వరి అని పడినా, ఎకరన్నర ఎకరంగా పడినా ఆ రోజే చెప్పాలి. ఆ తర్వాత మీరు ఈ-కేవైసీ కూడా వేస్తేనే నమోదు పూర్తయినట్టు.

ప్రశ్న: అక్టోబరు తుపానుకి వరి పడిపోయింది. సగం చేను నీళ్లలో ఉంది. జాబితాలో మా పేరు రాలేదు.
– పద్మనాభం మండలం

పంట నష్టపరిహారానికి, అంటే ఇన్‌పుట్ సబ్సిడీకి, గీటురాయి 33 శాతం. చేలో మూడో వంతైనా పోయిందని రాస్తేనే జాబితాలోకి ఎక్కుతారు. మీది సగం పోయిందంటున్నారు కనుక రాసిన అంకె చూడాలి. రైతు సేవా కేంద్రంలో ముసాయిదా జాబితా అంటిస్తారు, అభ్యంతరాలు తీసుకునేది ఆ రోజుల్లోనే. తుది జాబితా అయ్యాక పేరు ఎక్కించడం చాలా కష్టం.

పేరు రాకపోవడానికి ఎక్కువగా కనిపించే కారణం ఈ-పంటలో వరి నమోదు కాకపోవడం. రెండోది, లెక్కకి వచ్చేసరికి నీళ్లు తీసేసి చేను నిలబెట్టేయడం. నీళ్లు తీయొద్దనడం లేదు, పంటే ముందు. గట్టు తెగ్గొట్టే ముందు చేను నాలుగు మూలల నుంచీ, లొకేషన్, తేదీ పడేలా ఫోటోలు తీసి గ్రామ వ్యవసాయ సహాయకులకు ఆ రోజే పంపండి. పడిపోయిన వెన్నుల్లో గింజ మొలకెత్తకుండా లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కలిపి వెన్నులు తడిసేలా పిచికారీ చేయండి. పరిహారం కంటే మిగిలిన గింజ విలువే ఎక్కువ.

కేంద్ర విపత్తు నిబంధనల్లో హెక్టారుకి వర్షాధార పంటకు 8,500, నీటి వసతి ఉన్నదానికి 17,000, రెండు హెక్టార్ల వరకే. మన రాష్ట్రం 2024లో వరికి హెక్టారుకి 25,000 చేసింది, అంటే ఎకరాకి 10,000.

బీమా దీనికి వేరు. ప్రీమియం కట్టి ఉండి, కోసి చేలో ఆరబెట్టిన పనలు 14 రోజుల లోపు తుపానుకి తడిస్తే 72 గంటల్లో పంట బీమా హెల్ప్‌లైన్ 14447కి చెప్పాలి. 73వ గంటలో చెప్పినా పనికిరాదు.

ప్రశ్న: మాది అటవీ హక్కు పత్రం. పాస్‌బుక్ లేదు. పథకం వస్తుందా?
– పాడేరు

వస్తుంది. అటవీ హక్కుల చట్టం కింద పట్టా పొందిన గిరిజన రైతులు రెండు పథకాలకూ అర్హులే. పట్టా భార్యాభర్తలిద్దరి పేర్నా ఉంటుంది, డబ్బు మాత్రం ఒకరికే. ఎవరి ఆధార్‌తో నమోదు చేశారో వాళ్ల బ్యాంకు ఖాతానే సరిచూసుకోండి.

ప్రశ్న: “పీఎం కిసాన్ కొత్త జాబితా” అని వాట్సాప్‌లో ఒక ఫైలు వచ్చింది. తెరవొచ్చా?
– భీమిలి

వద్దు. పేరు చివర ఏపీకే అని ఉంటే అది జాబితా కాదు, ఫోన్‌లోకి దూరే యాప్. ఓటీపీ సందేశాలు చదివేసి ఖాతా ఊడ్చేస్తుంది. పొరపాటున తెరిచేసి ఉంటే వెంటనే ఫోన్‌లో నెట్ ఆపండి, బ్యాంకుకి చెప్పి లావాదేవీలు నిలిపించండి. డబ్బు పోయి ఉంటే గంట కూడా ఆగకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఆ ఫైలు మీ పేరుతో ఇంకెవరికైనా వెళ్లిందేమో చూసి వాళ్లకీ చెప్పండి.